చిట్టితల్లి బయటికొచ్చిన వేసవి

మహిళా జైలు,
18 ఏప్రిల్ 2021

సోమలమ్మ గారికి,

లోవలక్ష్మి రాస్తున్నది. 'అత్తా' అని మొదలుపెట్టి కొట్టేశాను. మీ కొడుకు నా చేతిలో పోయాడు. ఆ పిలుపు నాకింక లేదని తెలుసు. చింపేసే ముందు ఈ ఒక్క కాగితం చదవండి. నా కోసం రాయడం లేదు, మీ మనవరాలు చిట్టితల్లి కోసం రాస్తున్నాను.

మా బ్యారక్‌లో కరోనా వచ్చింది. మొదట జ్వరం తగిలినామె వంటగదిలో పనిచేసేది కాబట్టి అందరికీ ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. ఉన్నవాళ్లని వేరు చెయ్యడానికి మగ్గాల షెడ్డు ఖాళీ చేసి మంచాలు వేశారు. ములాఖత్‌లు ఆపేశారు. నిన్న సూపరింటెండెంట్ మేడమ్ పిల్లలున్న తల్లులందర్నీ పిలిచి, "పెద్దవాళ్లకే మంచాలు చాలడం లేదు. పిల్లలకి వస్తే నేనేం చెయ్యను? బయట ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గరికి పంపండి. లేకపోతే శిశుగృహానికి రాస్తాను" అన్నారు. కోపంగా అనలేదు. ఆవిడ కూడా రాత్రిళ్లు నిద్రపోతున్నట్టు లేదు.

కోటవురట్లలో మా అన్నయ్యకి ఫోన్ చేయించాను. "జైలు నుంచి పిల్లొచ్చిందంటే ఊళ్ళో మమ్మల్ని బోరింగు కాడికి కూడా రానివ్వరే" అన్నాడు. పక్కన వదిన ఏడుస్తున్నట్టు వినిపించింది. ఇంక నాకు మీరు తప్ప చెప్పుకునే పేరు లేదు.

చిట్టితల్లికి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. వచ్చే నెలకి నాలుగేళ్లు నిండుతాయి. ఎనిమిది నెలల పిల్లగా నా చంకలో ఈ గేటు లోపలికొచ్చింది. అప్పటినుంచి బయట ఏమీ చూడలేదు. పప్పన్నం తింటుంది, పెరుగు తినదు. మొండి చేస్తే కొట్టకండి, కాసేపు వదిలేస్తే తనే వస్తుంది.

కోర్టులో మీరు చెప్పినదానికి నాకు కోపం లేదు. కొడుకు పోయిన తల్లి ఇంకేం చెబుతుంది.

లోవలక్ష్మి


నర్సీపట్నం,
25 ఏప్రిల్ 2021

లోవలక్ష్మికి,

పిల్లని తెచ్చుకున్నాను. నీ మాట మీద కాదు. అది నా గోవింద్ కూతురు. శిశుగృహంలో పెరగాల్సిన ఖర్మ దానికి లేదు.

గేటు దగ్గర నీలం ప్లాస్టిక్ గౌను తొడుక్కున్నామె దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పిల్ల మొహానికి మాస్కు. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్లు ఎవరివో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నన్ను చూసి "నమస్తే మేడమ్" అంది. "మేడమ్‌ని కాదే, మీ మామ్మని" అంటే, "నమస్తే మామ్మ మేడమ్" అంది.

బస్సు మోతకి నా కొంగులో దూరిపోయింది. కిటికీ పక్కన కూర్చోబెడితే కళ్లు గట్టిగా మూసుకుంది. కొంచెం దూరం పోయాక ఒక కన్ను తెరిచి చూసి, "మామ్మ మేడమ్, ఇంకా గోడ రాలేదేటి?" అని అడిగింది. ఏం గోడే అంటే, ఊరి చివర గోడ ఉంటుంది కదా అంది. నర్సీపట్నంలో దిగేదాకా ఆ గోడ కోసం చూస్తూనే ఉంది.

నీకు రాసే ఉత్తరం ఇదే మొదలు, ఇదే ఆఖరు. అవసరమైతే జైలు ఆఫీసుకి ఫోన్ చేస్తాను.

సోమలమ్మ

ఒక్క సంగతి. పిల్ల నిద్రపోవడం లేదు. దీపం తీసేశాక లేచెళ్లి తలుపుకి వీపు ఆనించి కూర్చుంటుంది. ఏటే అంటే పలకదు. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీలో ఊళ్ళోవాళ్ల పిల్లల్ని నిద్రపుచ్చిన దాన్ని, నా వల్ల కావడం లేదు. అక్కడ ఏం చేసి పడుకోబెట్టేదానివి?


మహిళా జైలు,
1 మే 2021

సోమలమ్మ గారికి,

దానికి తాళం వేసిన చప్పుడు వినిపించాలి. సాయంత్రం మమ్మల్ని లెక్కపెట్టాక వార్డరు గారు బ్యారక్‌కి బయటినుంచి తాళం వేసి గొలుసు లాగి చూస్తారు. అది విన్నాకే చిట్టితల్లి పడుకుంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి అంతే. తాళం పడలేదంటే ఏదో జరగబోతోందని దాని భయం. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ మీరు అడిగారు.

మీరు రాయనన్నారు. నేను రాయొచ్చా? ఇక్కడ అందరం మాస్కులు కుడుతున్నాం. ఆస్పత్రులకి పంపుతారట. పొద్దునా సాయంత్రం నుదుటి దగ్గర మీటరు పెట్టి జ్వరం చూస్తున్నారు. మిరియాల కషాయం ఇస్తున్నారు. అన్నం వరసలో నిలబెట్టి వడ్డించడం మానేసి ఊచల మధ్య నుంచి గిన్నెలు అందిస్తున్నారు. గజం దూరం ఉండమని గోడ మీద బొమ్మ అతికించారు. పక్కకి ఒత్తిగిలితే ఇంకొకరి చెయ్యి తగిలే చోట గజం ఎక్కడినుంచి వస్తుంది? అది అతికించినామె కూడా దాన్ని చూసి తల దించుకుని వెళ్లిపోయింది.

దయావతి గారని ఒక పెద్దావిడ మా పక్క చాప. చిట్టితల్లికి చేతులు జోడించి ప్రార్థన చెప్పడం నేర్పింది ఆవిడే. బుధవారం ఊపిరి అందక అంబులెన్సులో తీసుకెళ్లారు. శుక్రవారం ఆవిడ చాప చుట్టి తగలబెట్టారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ పొగ చూశాక మాకు అర్థమైంది. చిట్టితల్లి ఆవిడ గురించి అడిగితే ఇక్కడే ఉందని చెప్పండి.

ఏం తింటోందో ఒక్క ముక్క రాయండి.

లోవలక్ష్మి


నర్సీపట్నం,
13 మే 2021

లోవలక్ష్మికి,

తాళం వేశాను. నేను వీధిలోకి వెళ్లి, బయట గొళ్లేనికి తాళం వేసి, గొలుసు లాగి, పెరటి వైపు నుంచి ఇంట్లోకి వచ్చాను. అప్పటికే నిద్రపోయింది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

రోజూ అలాగే చేస్తున్నాను. వీధిలో వాళ్లు చూసి, ముసల్దానికి మతి పోయిందనుకుంటున్నారు. అనుకోనీ.

మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ. పొద్దున్నే సందులోకి గేదెలు వస్తాయి. మొదటిరోజు గేదెని చూసి కేక పెట్టి మంచం కిందికి దూరింది. రెండోరోజు కిటికీ దాకా వచ్చింది. ఇప్పుడు పాలు పిండే మత్స్యరాజు దగ్గర నిలబడి, "పేరేటి దీనిది? ఎన్నేళ్ల శిక్ష పడింది దీనికి?" అని అడుగుతోంది. ఆయనకి అర్థం కాక నావైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

అన్నం కంచం చూడగానే గోడ వారగా వెళ్లి నిలబడుతుంది. ఒక్కతే వరస కడుతుంది. రమ్మంటే తప్ప కదలదు. జీడిమామిడి పండు పెట్టాను. రసం కారి గౌను పాడైంది. కొడతానేమోనని చూసింది. నేను ఇంకొకటి ఇచ్చాను.

గోడ మీద వాడి ఫోటో ఉంది కదా. మొన్న దాని కింద నిలబడి ఎవరని అడిగింది. "మీ నాన్నే" అన్నాను.

"నాన్న ఏ బ్యారక్‌లో ఉన్నాడు మామ్మా?" అంది.

మూడేళ్లనించీ నిన్ను తిట్టడానికి దాచిపెట్టుకున్న మాటలన్నీ ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాయి. తిట్టడానికి మనసు రాలేదు.

పప్పన్నం తింటోంది. పెరుగు కూడా తింటోంది, బెల్లం కలిపితే.

సోమలమ్మ


మహిళా జైలు,
22 మే 2021

అత్తా,

ఈసారి కొట్టెయ్యలేదు. కోపం వస్తే మీరే కొట్టెయ్యండి.

ఆ ఉత్తరం మడతలు చిరిగేదాకా చదివాను. బెల్లం పెరుగు దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటినుంచి చదివాను. నాకు ఆ ఉపాయం తోచలేదు.

మీరు కాదనే మాట అడుగుతున్నాను. జైళ్లలో జనం తగ్గితే జబ్బు తగ్గుతుందని, చిన్న శిక్షలు పడినవాళ్లని మూడు నెలలు ఇంటికి పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నాది ఐదేళ్లే కాబట్టి నా పేరూ రాశారు. కానీ ఊరికే గేటు తియ్యరు. ఎక్కడ ఉంటానో చిరునామా చెప్పాలి. ఆ ఇంటివాళ్లు, ఉండనిస్తామని పోలీసుల ముందు సంతకం పెట్టాలి. అన్నయ్య మళ్లీ కుదరదన్నాడు.

క్షమించమని అడగడం లేదు. ఆ రోజు మీ కొడుకు నన్ను కొడుతుంటే పిల్ల నా భుజం మీద ఉంది. దెబ్బ దానికి తగులుతుందని తోశాను. అంత గట్టిగా తోశానని నాకు తెలియదు. లేస్తాడనుకున్నాను. మీరు వచ్చేదాకా లేస్తాడనే అనుకున్నాను.

మీ ఇంట్లో కాకపోతే పెరట్లో పాకలో ఉంటాను. మీరు మాట్లాడకపోయినా ఫర్వాలేదు. మూడు నెలలు దాన్ని చూసుకుని వచ్చేస్తాను.

మీ కోడలు,
లోవలక్ష్మి


నర్సీపట్నం,
30 మే 2021

లోవలక్ష్మికి,

నా వల్ల కాదు.

చాలా ఆలోచించాను. వాడు పడిన చోటు పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర. పాక ఆ పక్కనే. రోజూ అక్కడే అంట్లు తోముకుంటాను. వాడి తల తగిలిన ఆ తొట్టి గట్టు మీద చెయ్యి పెట్టకుండా నీళ్లు తోడుకోవడం అలవాటు చేసుకున్నాను. నువ్వు వచ్చి అక్కడ చెంబు ముంచుతుంటే చూసి ఊరుకోగలనని చెప్పలేను.

వాడు తాగేవాడని, నిన్ను కొట్టేవాడని నాకు తెలుసు. తాగితే నన్నూ తోసేసేవాడు. మర్నాడు పొద్దున్న నా కాళ్ల దగ్గర కూర్చుని టీ తాగేవాడు. నాకు వాడొక్కడే.

పిల్లని నేను చూసుకుంటాను. దాని గురించి నీకు బెంగ వద్దు. పోలీసులు వస్తే కుదరదని చెప్తాను. ముందే నీకు రాయడం మంచిదని రాస్తున్నాను.

సోమలమ్మ


మహిళా జైలు,
7 జూన్ 2021

అత్తా,

అలాగే. నేను అడగకుండా ఉండాల్సింది.

చాలామంది వెళ్లిపోయారు. బ్యారక్ ఖాళీగా ఉంది. చాపకి చాపకి మధ్య ఇప్పుడు నిజంగానే గజం దూరం ఉంది. నేను షెడ్డులో పడుకున్నవాళ్లకి గంజి అందించే పనికి ఒప్పుకున్నాను. బాగానే ఉన్నాను. ఎండలు కదా, కొంచెం నీరసం. చేతికింద పలక లేదు, అందుకే అక్షరాలు వంకర పోయాయి.

దానికి జుట్టు పెరిగి ఉంటుంది. కళ్లలో పడకుండా క్లిప్పు పెట్టండి.

లోవ


నర్సీపట్నం,
15 జూన్ 2021

లోవలక్ష్మీ,

పలక లేక వంకర పోయిన అక్షరాలూ, చెయ్యి వణికి వంకర పోయిన అక్షరాలూ ఒకటి కావు. పిల్లలకి ఓనమాలు దిద్దించిన దాన్ని నేను. నాకు చెప్పొద్దు.

జైలు ఆఫీసుకి ఫోన్ చేశాను. చాలాసార్లు మోగింది. చివరికి ఎవరో ఎత్తి, నువ్వు పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నావని చెప్పారు. ఉత్తరం రాసిన మర్నాడే తీసుకెళ్లారట. "మీరు ఆమెకి ఏమవుతారు?" అని అడిగారు. మూడేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. నా నోరు నన్నడక్కుండానే "అత్తని" అనేసింది.

ఫోన్ పెట్టేసి వస్తే పిల్ల గుమ్మంలో కూర్చుని గౌనుకి మట్టి దులుపుకుంటోంది. పక్కింటి లావణ్య కూతురితో పరిగెత్తి పడిందట. మోకాలు చెక్కుకుపోయింది. ఏడవడం లేదు, నవ్వుతోంది. "మామ్మా, పరిగెడతా ఉంటే గోడ రాలేదు. ఇంకా ఎల్లిపోనాను" అంది. అమ్మకి కూడా చూపిస్తానంది. ఏ దారిలో పరిగెత్తిందో చూపిస్తుందట.

మర్నాడు పొద్దున్న కర్ఫ్యూ మొదలవకముందే స్టేషన్‌కి వెళ్లాను. ఎస్సై కాగితం నా ముందు పెట్టి, "పోయినోడు మీ అబ్బాయే గదమ్మా. మరోపాలి ఆలోసించుకోండి" అన్నాడు. "ఆలోసించీసేను బాబూ, కలం ఇలాగియ్యి" అన్నాను. సంతకం పెట్టాను.

నా కోపం పోయిందనుకోకు. పోలేదు. పోతుందని కూడా అనుకోను. కానీ రేపు నువ్వు కూడా లేకపోతే, అమ్మ ఏ బ్యారక్‌లో ఉందని అది అడుగుతుంది. రెండోసారి ఆ ప్రశ్న నేను వినలేను.

ఇది నీకు చదివి వినిపించమని ఆసుపత్రిలో కాపలా ఉండే జైలు ఆమెకి చెప్పించాను. వినిపిస్తే, విను. బతికి రా. మిగతాది ఇంటికొచ్చాక చూసుకుందాం.

మీ అత్త


మహిళా జైలు,
24 సెప్టెంబరు 2021

అత్తా,

ఉత్తరం మొదలుపెడితే కొత్తగా ఉంది. మూడు నెలలు ఒకే ఇంట్లో ఉండి, 'అన్నం పెట్టనా', 'తలుపు వెయ్యి' అనే మాటలకి అలవాటు పడిపోయాను. ఇప్పుడు మళ్లీ కాగితం.

ఆసుపత్రి నుంచి నేరుగా మీ గుమ్మంలో దిగిన రోజు నిలబడలేకపోయాను. మీరు పీట వేశారు. నీళ్ల తొట్టి దగ్గరికి నన్ను వెళ్లనివ్వలేదు. రోజూ మీరే తోడి తెచ్చి పెట్టారు. అది నా మీద జాలో, ఆ చోటు మీద బెంగో నేను అడగలేదు. మీ కొడుకు ఫోటో ముందు ఒకరోజు మనిద్దరం ఒకేసారి ఏడ్చాం. ఎవరు ఎవరి కోసం ఏడ్చామో కూడా అడగలేదు.

ఇప్పుడు నన్ను వేరే గదిలో పెట్టారు. పదిహేను రోజులు ఇక్కడ ఉండి, పరీక్ష చేశాకే బ్యారక్‌కి పంపుతారు. ఎక్కువ మాట్లాడితే ఇంకా ఆయాసం వస్తోంది. మాట్లాడే మనిషి ఎలాగూ లేరు.

గడువైపోయి నేను తిరిగొచ్చిన రోజు గేటు దగ్గర జరిగింది మీరు బయటినుంచి చూశారు. లోపల ఏం జరిగిందో చెప్పాలి.

చెప్పకుండా పారిపోవద్దు, పిల్లని కూడా తీసుకెళ్దాం, దాని ఎదురుగానే చెప్పి వెళ్లు అని మీరన్నారు. నేనూ అదే మంచిదనుకున్నాను. దారి పొడుగునా దానికి చెప్పాను, అమ్మ లోపలికి వెళ్తుంది, నువ్వు మామ్మతో ఉంటావు అని. తల ఊపింది. అర్థమైందనుకున్నాను.

గేటు చూడగానే నా చెయ్యి వదిలేసి పరిగెత్తింది. చిన్న తలుపులోంచి దూరిపోయింది. కాపలా ఆమె గుర్తుపట్టి, "ఏమే చిట్టితల్లీ, ఒచ్చీసేవా?" అంది. "ఒచ్చీసేం" అంది ఇది. వెనక్కొచ్చి, "అమ్మా, బేగి రా, ఇల్లొచ్చీసింది" అని నన్ను చెయ్యి పట్టుకుని లాగింది. దయావతి అమ్మమ్మకి ప్రార్థన అప్పజెప్పాలంది.

సూపరింటెండెంట్ మేడమ్ అక్కడే ఉన్నారు. "ఆరేళ్ల దాకా నీ దగ్గర ఉంచుకోవచ్చు. కేసులు తగ్గిపోయాయి. ఉంచుతావా?" అని అడిగారు. అత్తా, ఒక్క మాట చాలు. ఊఁ అంటే ఆ రోజు నా పక్కన పడుకునేది. ఇంకా ఏడాది పైనే ఉంది నాకు.

దాని మోకాలి మీద మచ్చ కనిపించింది. మీ సందులో పరిగెత్తి పడిన మచ్చ. ఇక్కడ మూడేళ్లలో దాని ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు. పడేంత దూరం పరిగెత్తడానికి చోటే లేదు.

"ఉంచను" అన్నాను.

ఎత్తుకుని మీకు అందించబోతే నా చెయ్యి కొరికింది. విడిపించుకోవడానికి కాదు, లోపలే ఉండటానికి. నేనే దాని వేళ్లు ఒక్కొక్కటీ నా జాకెట్టు మీంచి ఊడదీశాను. తలుపు వేశాక కూడా చాలాసేపు వినిపించింది.

ఇంటికెళ్లాక ఏమందో రాయండి. దాచకుండా రాయండి. మనం దాచుకోవడం అయిపోయింది.

లోవ


నర్సీపట్నం,
30 సెప్టెంబరు 2021

అమ్మా లోవా,

దాచొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను.

బస్సెక్కేదాకా ఏడ్చింది. ఎక్కాక మానేసింది. మాకవరపాలెంలో బస్సాగింది. జామకాయ కొనిచ్చాను, పట్టుకుంది, తినలేదు. గేదె కనిపించింది చూడమన్నాను, చూడలేదు. జ్వరమేమోనని నుదురు పట్టుకుంటే, నా చెయ్యి తీసేసింది.

ఊరు దగ్గర పడుతుండగా నా వైపు తిరిగి మెల్లగా, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"నానేటి తప్పు సేసేను మామ్మా? నన్ను బయట పడేసారు?"

లోపల ఉన్నవాళ్లు తప్పు చేశారని లోకమంతా అనుకుంటుంది కదా. దాని లోకంలో ఇల్లంటే అది. అమ్మ ఉన్న చోటు అది. అక్కణ్ణించి దాన్ని బయటికి గెంటేశారు. కన్నతల్లే వేళ్లు విప్పదీసి గెంటేసింది. తప్పు చెయ్యకపోతే ఎందుకు గెంటుతారు?

నువ్వేం తప్పూ చెయ్యలేదే అన్నాను. "మరెందుకు?" అంది. దగ్గరికి తీసుకుంటే వచ్చింది కానీ, ఒళ్లు కర్రలా బిగించుకుంది.

ఇంటికొచ్చాక కాస్త అన్నం తింది. పిలవకుండానే వచ్చి తింది. లావణ్య కూతురు ఆడుకుందాం రమ్మంటే వెళ్లలేదు. మంచి పిల్లలా కదలకుండా కూర్చుంటోంది. నేను చెప్పిన ప్రతి పనీ చేస్తోంది. బుద్ధిగా ఉంటే మళ్లీ లోపలికి రానిస్తారనుకుంటోందేమో. మొండి చేసినా బాగుండునని ఉంది నాకు.

నువ్వు చేసింది తప్పని అనను. ఆ తలుపు దగ్గర నేనున్నా అదే చేసేదాన్ని. ఊఁ అని ఉంటే నేను నిన్ను క్షమించేదాన్ని కాదు కూడా. కానీ దాని ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. నేను చెబితే నమ్మడం లేదు. అది నీ నోటితోనే వినాలి.

వచ్చే నెలలో ములాఖత్‌లు మళ్లీ మొదలుపెడతారని ఆఫీసులో చెప్పారు. మధ్యలో అద్దం ఉంటుందట, ఫోన్‌లో మాట్లాడాలట. మొదటిరోజే తీసుకొస్తాను. ఏం చెబుతావో ఆలోచించి పెట్టుకో. నేను కూడా ఆలోచిస్తూనే ఉన్నాను.

మందులు మానకు.

మీ అత్త,
సోమలమ్మ